రహస్యం ఎవరికి తెలియాలి? టీవీ సీరియళ్ళ నుంచి కథకులు నేర్చుకోగలిగేది

ప్రశ్న: కొత్తకలం, హనుమకొండ

అందరికీ నమస్కారం. నేను నాలుగేళ్ళుగా కథలు రాస్తున్నాను. ఈమధ్య ఒక పత్రికకు పంపిన కథ తిరిగి వచ్చింది. "వాక్యం బాగుంది, సన్నివేశం నిలబడలేదు" అని సంపాదకులు ఒక్క ముక్క రాసి పంపారు. పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు అప్పు తీర్చడానికి సొంత ఇల్లు అమ్మేసి, సెలవులకు వచ్చిన కొడుక్కి ఆ సంగతి చెప్పలేక మూడు రోజులు గడపడం ఆ కథ. ఇల్లు అమ్ముడైందని పాఠకుడికి కూడా ఆఖరి పేరాలోనే తెలిసేలా రాశాను. కథకు అదే బలమని నమ్మాను.

ఆ ఉత్తరం వచ్చిన వారంలోనే మా అమ్మ పక్కన కూర్చుని ఒక డైలీ సీరియల్ చూశాను. అందులో కోడలు బియ్యం డబ్బా మూత తీయబోతోంది. అత్తగారు దాచిన తాకట్టు రసీదు ఆ డబ్బాలోనే ఉందని ముందురోజే చూపించారట. అమ్మ వలుస్తున్న చిక్కుడుకాయను అలాగే చేతిలో పట్టుకుని, "ఇప్పుడు తీయకు తల్లీ, ఆవిడ వస్తోంది" అని టీవీకేసి గట్టిగా అంది. నా కథ చదువుతూ ఎవరైనా అలా అనగలరా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. సాహిత్య మిత్రుల దగ్గర సీరియళ్ళ పేరెత్తితే ముఖం చిట్లిస్తారు. కథలు, నవలలు రాసేవారు టీవీ నాటకాలు చూసి నేర్చుకోదగినది నిజంగా ఏమైనా ఉందా? ఉంటే వాటిని ఎలా చూడాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం: మాటలమనిషి, హైదరాబాద్

కొత్తకలం గారూ, నేను మూడేళ్ళపాటు ఒక డైలీ సీరియల్‌కు మాటలు రాశాను, ఇప్పుడు కథలే రాస్తున్నాను. మీకు కావలసిన జవాబు మీ అమ్మగారే ఇచ్చేశారు. రసీదు ఎక్కడుందో ఆవిడకు తెలుసు, కోడలికి తెలియదు. ఆ తేడాయే ఆవిడ చేత మాట్లాడించింది. మీ కథలో ఇల్లు అమ్మిన సంగతి మాస్టారి ఒక్కరికే తెలుసు. కొడుకుతో పాటు పాఠకుణ్ణి కూడా మీరు బయటే నిలబెట్టారు కాబట్టి, ఆ మూడు రోజులూ ఆ పెద్దమనిషి లోలోపల ఎంత నలిగిపోయారో చదివేవారికి తెలిసే దారి లేకుండా పోయింది. ఆఖరి పేరాలో తెలిసేసరికి ఆ మూడు రోజులూ గడిచిపోయాయి.

ఇది టీవీ కనిపెట్టిన విద్య కాదు. విరాటపర్వమంతా దీనిమీదే నడుస్తుంది. బృహన్నల ఎవరో, వలలుడు ఎవరో వినేవారికి మొదటినుంచీ తెలుసు, విరాటరాజుకు తెలియదు. సరైన సారథి ఒక్కడు దొరికితే కౌరవసేనను తానే గెలిచి వస్తానని ఉత్తరుడు అంతఃపుర స్త్రీల ముందు పలికిన మాటలు, ఆ సారథిగా రాబోయేది అర్జునుడని మనకు తెలుసు కనుకనే అంత రుచిగా ఉంటాయి. తిక్కన చేతిలో ఆ ఘట్టం చదివిన వారికి వేరే చెప్పనక్కరలేదు. సీరియల్ ఈ పాత విద్యను ప్రతిరోజూ సాధన చేస్తుంది కాబట్టి అక్కడ దాని కీళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి.

మేము పనిచేసిన చోట వన్‌లైన్ ఆర్డర్, అంటే ఏ సీన్‌లో ఏమి జరుగుతుందో ఒక్కొక్క వాక్యంలో రాసిన వరుస, చేతికి రాగానే ప్రతి సీన్ కాగితం పైన రెండు గళ్ళు గీయాలి. ఈ సీన్‌కు ముందు ఎవరికి ఏమి తెలుసో మొదటి గడిలో, సీన్ అయ్యాక ఎవరికి ఏమి తెలిసిందో రెండో గడిలో రాయాలి. రెండు గళ్ళలోనూ ఒకే సంగతి ఉంటే, మాటలు ఎంత బాగున్నా మా స్క్రీన్‌ప్లే రచయిత ఆ సీన్ కొట్టేసేవారు. అరగంట స్లాటులో ప్రకటనలు పోను మాకు దాదాపు 22 నిమిషాలు మిగిలేవి, అందులో నిలబడి కబుర్లు చెప్పే సీనుకు చోటు లేదు. ఆ గళ్ళు నేను నా కథల చిత్తుప్రతుల మీద ఇప్పటికీ గీస్తాను.

మీ కథనే తీసుకుందాం. ఇల్లు అమ్మిన సంగతి మొదటి పేరాలోనే చెప్పేయండి. రెండో రోజు ఉదయం కొడుకు టేపు పట్టుకొచ్చి, "ఈ గోడ మీద అల్మారా చేయిద్దాం నాన్నా, ఆ చివర పట్టుకోండి" అంటాడు. తనది కాని గోడను కొలవడానికి ఆయన లేచి వెళ్ళాలి. అప్పుడు ఆయన ఏమి చేస్తారన్నదే కథ.

సమాధానం: పాత చందాదారు, విజయవాడ

మాటలమనిషి గారు చెప్పిన దానితో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయాలనిపిస్తోంది. నేను వారపత్రికల్లో సీరియల్ నవలల కోసం బడ్డీకొట్టు ముందు నిలబడి ఎదురుచూసిన తరం వాణ్ణి. "సశేషం" అన్న మాట చదివాక ఏడు రోజులు ఓపిక పట్టేవాళ్ళం, ఎందుకంటే ఆ నవలకు ముగింపు ఉందని మాకు నమ్మకం. ఇప్పటి డైలీ సీరియల్‌లో ఒక ట్రాక్, అంటే ఒక ఉపకథ, ఎంతకాలం సాగాలో నిర్ణయించేది కథ అవసరం కాదు, రేటింగు. శనివారం చివర తలుపు చప్పుడై అందరి ముఖాలూ క్లోజప్‌లో ఆగిపోతాయి, సోమవారం తలుపు తీస్తే పాలవాడు ఉంటాడు. ఆ పని కథలో ఒక్కసారి చేసినా పాఠకుడు మళ్ళీ మనల్ని నమ్మడు. ఆపవలసిన చోటు ఏదో అక్కడ నేర్చుకోవచ్చు కానీ, ఆపిన తర్వాత తీర్చవలసిన బాకీ గురించి అక్కడ నేర్చుకోలేము.

నాకు ఎక్కువ నేర్పినది 'హమ్ లోగ్'. హిందీ నవలాకారుడు మనోహర్ శ్యామ్ జోషి రాసిన ఆ సీరియల్ 1984 జూలైలో దూరదర్శన్‌లో మొదలైంది. కుటుంబ నియంత్రణ వంటి విషయాలు జనానికి చెప్పాలన్నది దాని వెనుక ఉన్న ఉద్దేశం. మొదటి 13 భాగాల్లో ఆ బోధ మరీ ఎక్కువైందని ప్రేక్షకులు పెదవి విరవడంతో బోధ తగ్గించి, ఆ ఇంట్లోని మనుషుల గొడవలను ముందుకు తెచ్చారు. దేశం దాన్ని తన సొంత ఇంటి కథలా చూసింది ఆ తర్వాతే. ప్రతి భాగం చివరా హిందీ సినిమా నటుడు అశోక్ కుమార్ తెరమీదికి వచ్చి ఆనాటి కథ గురించి నాలుగు మాటలు చెప్పేవారు. అది కథ అయిపోయాక, కథ బయట నిలబడి, వేరే మనిషి చేసిన పని. మన కథల్లో చాలావాటి ఆఖరి పేరాలో రచయితే లోపలికి వచ్చి ఆ పని చేస్తున్నారు, నాకు అదే బాధ.

ఇంకొకటి కూడా చేసి చూడండి. కన్నడ నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ కర్ణాటకలోని ఆగుంబెలో చిత్రీకరించిన సీరియల్ 'మాల్గుడి డేస్' 1986లో వచ్చింది. ముందు ఆర్.కె. నారాయణ్ కథ చదివి, తర్వాత ఆ భాగం చూసి, మళ్ళీ కథ చదవండి. కథలో ఒక వాక్యంలో పిల్లవాడి మనసులో మెదిలిన భయాన్ని తెరమీద చూపడానికి ఒక వీధో, ఒక నడకో, ఒక ముఖమో కావలసి వస్తుంది. దేనికి తెర అవసరమో, దేనికి వాక్యమే చాలునో ఈ సాధనలో తెలిసినంత బాగా నాకు ఏ పుస్తకంలోనూ తెలియలేదు.

సమాధానం: మానేరు, కరీంనగర్

సన్నివేశం కట్టడం వరకు సీరియల్ మంచి గురువే. సంభాషణ మాత్రం అక్కడ నేర్చుకోవద్దని నా మనవి. చాలా సీరియళ్ళలో ముఖ్యపాత్రధారులకు తెలుగు రాదు. పక్కనుంచి ఒకరు ప్రాంప్టింగ్ చెబుతుంటే వాళ్ళు ముక్కలుముక్కలుగా పలుకుతారు, తర్వాత వేరేవారు డబ్బింగ్ చెబుతారు. మాటలన్నీ పొట్టిగా, ఒకే ఎత్తున ఉండడానికి ఇది ఒక కారణం. ఇంటి పెద్దలు ఒకే రకం తెలుగు మాట్లాడుతుంటే, మా ప్రాంతపు యాస తరచుగా పనిమనిషికో నవ్వించే పాత్రకో దక్కడం నన్ను ఇప్పటికీ నొప్పిస్తుంది. మా అమ్మమ్మ కోపం వచ్చినప్పుడు మాట తగ్గించి, "మంచిది బిడ్డా" అని లేచి వెళ్ళేది. ఆ రెండు మాటల బరువు నాకు ఏ సీరియల్‌లోనూ దొరకలేదు.

అందుకే నేను సీరియల్‌ను ధ్వని తీసేసి చూస్తాను. మాట వినబడనప్పుడు ఎవరు ఎవరి ముందు కూర్చోలేదో, ఎవరి చేయి ఏ వస్తువు మీద ఆగిందో కనిపిస్తుంది. ఒక సీన్ అలా చూసి, మాటలు నేనే రాసుకుంటాను. చాలాసార్లు సగం మాటలు అనవసరమని తేలుతుంది.

కొత్తకలం మళ్ళీ రాస్తున్నారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. వారం రోజులు కూర్చుని కథ మళ్ళీ రాశాను. "ఇల్లు అమ్మిన డబ్బు అప్పులవాడికి అందిన నాలుగో రోజున కొడుకు వచ్చాడు" అన్నది ఇప్పుడు మొదటి వాక్యం. ఆఖరి పేరా పూర్తిగా తీసేశాను. మానేరు గారు చెప్పినట్టు టేపు సన్నివేశాన్ని ముందు మాటలు లేకుండా రాసి, తర్వాత కావలసినవే చేర్చాను. మా అమ్మకు చదివి వినిపిస్తే, కొడుకు టేపు తీసిన చోట, "చెప్పేయొచ్చుగా ఆయన" అంది.

ఇప్పుడు కథ అక్కడే ఆగుతోంది. కొడుకు టేపు కొసను అవతలి మూలకు ఆనించి పట్టుకుని, "ఎంత వచ్చింది నాన్నా?" అని అడుగుతాడు. మాస్టారు కళ్ళద్దాలు సవరించుకుని, టేపు మీదికి వంగి, "పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు" అని చదువుతారు. కొడుకు ఆ అంకెను అరచేతిలో రాసుకుంటాడు.