ఎలియాస్ కెరెహేతా ‘ఎల్ సూర్’ చిత్రీకరణను ఎందుకు ఆపించారు?

రియల్ సొసియెదాద్ జట్టుకు ఫుట్‌బాల్ ఆడి, ఆ తర్వాత సినీ నిర్మాతగా స్థిరపడిన స్పెయిన్ దేశస్థుడు ఎలియాస్ కెరెహేతా (1934–2013) గురించి తెలిసినవారు నా సందేహం తీర్చవలసిందిగా కోరుతున్నాను. దర్శకుడు కార్లోస్ సౌరా చేత ‘లా కాసా’ (1966) తీయించి, దాన్ని స్పెయిన్ నియంత ఫ్రాంకో కాలపు సెన్సారు దాటించి, ఛాయాగ్రాహకుడు లూయిస్ క్వాద్రాదో, ఎడిటర్ పాబ్లో దెల్ అమో వంటి వారితోనే అనేక చిత్రాలు నిర్మించిన ఆయన, విక్తోర్ ఎరిసే దర్శకత్వంలోని ‘ఎల్ సూర్’ (1983) చిత్రీకరణను మాత్రం మధ్యలోనే నిలిపివేయించారు. కథలోని అమ్మాయి స్పెయిన్ దక్షిణ ప్రాంతానికి ప్రయాణం కట్టేసరికే సినిమా అయిపోతుంది. (అలా ఆగినా గొప్ప చిత్రమే, అది వేరే సంగతి.) ఇందుకు డబ్బు చాలకపోవడమే అసలు కారణమా, లేక ఇంతటితో చాలునని నిర్మాతగా ఆయనే తీర్మానించారా? నాకు స్పానిష్ రాదు కనుక, ఈ విషయమై ఆయన ఇంటర్వ్యూలు ఇంగ్లీషులో ఎక్కడ దొరుకుతాయో తెలిపినా చాలు.