అప్‌డేట్: లాటరీ లక్షకు రిటర్న్ ఫైల్ అయింది (సిరొంచ)

2025 దీపావళికి కొన్న మహారాష్ట్ర లాటరీలో లక్ష తగిలిందని, 30,000 టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) పోయి 70,000 చేతికొచ్చిందని, ఆదాయపు పన్ను రిటర్న్ ఎలా వేయాలని అడిగాను కదా. అయిపోయింది. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

రిటర్న్‌కు ఐటీఆర్-1 ఫారం కుదరదు, ఐటీఆర్-2 వేయమన్నవారిదే సరైన మాట. చంద్రపూర్‌లో సీఏ గారు ముందు నా పేరు మీద జమైన పన్ను చూపే ఫారం 26ఏఎస్‌లో ఆ 30,000 ఉందో లేదో చూశారు. ఉంది.

జీతం తక్కువ కాబట్టి టీడీఎస్ అంతా రీఫండ్ వస్తుందన్నారు ఇక్కడ కొందరు. నేనూ ఆశపడ్డాను. రాదట! లాటరీ డబ్బుకు బేసిక్ మినహాయింపు (పన్ను పడని కనీస ఆదాయ పరిమితి) లేదు, 30 శాతం పన్ను ఖాయం. పైగా ఆ పన్నుమీద అదనంగా పడే 4 శాతం సెస్ టీడీఎస్‌లో పట్టుకోరు. అంటే మొత్తం పన్ను 31,200లో మిగిలిన 1,200 నేనే కట్టాను.

రబ్బర్‌బ్యాండ్ వేసి దాచిన పాత టికెట్ల కట్ట కూడా తీసుకెళ్లాను, 14,000 ఖర్చు చూపిద్దామని. ఆయన కట్ట విప్పను కూడా విప్పలేదు. "గురువుగారూ, తగలని టికెట్టుకు పైసా తగ్గదు" అన్నారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల నిషేధానికి ముందు రమ్మీలో పోగొట్టుకున్న 6,000 కూడా ఇందులోంచి తీసేయడానికి లేదు. ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.

రిటర్న్ ఈ-వెరిఫై (ఆన్‌లైన్‌లో ధ్రువీకరణ) ఆధార్ ఓటీపీతో అయిపోయింది.