పాత ఆబ్లివియన్: గోడలన్నీ ఊదా రంగు, ఇప్పుడు మెనూ కూడా రావట్లేదు. విండోస్ ఫార్మాట్ కొట్టాలా?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి)

అన్నలూ, కొంచెం సాయం కావాలి. స్టీమ్ (ఆన్‌లైన్ గేమ్ షాపు) సేల్‌లో ఆబ్లివియన్ అనే గేమ్ కొన్నాను. 2025లో వచ్చిన రీమాస్టర్ కాదు, 2006 నాటి పాతదే. నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, ఇంటెల్ గ్రాఫిక్స్ మాత్రమే ఉన్నాయి, రీమాస్టర్‌కి అవి చాలవు. ఏ మాడ్ (గేమ్‌ని మార్చడానికి ఆటగాళ్ళు తయారుచేసి పంచుకునే ఫైళ్ళు) లేకుండా చాలా గంటలు హాయిగా ఆడాను. లెవెల్ 20 దాటాక దారిదొంగలు కూడా గ్లాస్ ఆర్మర్ వేసుకొని వచ్చి వంద గోల్డ్ ఇవ్వమని నిలబెడుతుంటే ఆట మీద మనసు విరిగిపోయింది. అది సరిచేసే మాడ్ ఉందని ఒక వీడియోలో చూసి, అదే ఊపులో ఒక్క రాత్రిలో నలభై దాకా దించుకొని అన్నీ డేటా ఫోల్డర్‌లో పేస్ట్ చేశాను, రీప్లేస్ చేయాలా అని అడిగిన ప్రతిసారీ అవుననే కొట్టాను.

తెరిస్తే ఇంపీరియల్ సిటీలో సగం గోడలు ఊదా రంగులో ఉన్నాయి. గేటు దాటి బయటికి అడుగు పెడితే క్రాష్. అనుమానం వచ్చిన ఈఎస్‌పీ ఫైళ్ళు (మాడ్ మార్పులు ఉండే ఫైళ్ళు) కొన్ని డిలీట్ చేశాను, అప్పటి నుంచి మెనూ రాకముందే డెస్క్‌టాప్‌కి వచ్చేస్తోంది. స్టీమ్‌లో ఫైళ్ళు వెరిఫై చేశాను, అంతా బాగుందంటోంది, గేమ్ మాత్రం రావట్లేదు. మాడ్స్ పెట్టకముందు ఆ రోజు సాయంత్రమే ఆడుతుండగా కరెంటు పోయింది (బ్యాటరీ ఎప్పుడో పోయింది, కరెంటు పోతే ల్యాప్‌టాప్ ఆగిపోతుంది), ఆటోసేవ్ కూడా తెరుచుకోవట్లేదు. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. విండోస్ మళ్ళీ వేయించమంటారా?

జవాబు (తిరుచానూరు)

తమ్ముడూ, విండోస్ జోలికి పోవద్దు. పాడైంది నీ డేటా ఫోల్డర్ ఒక్కటే. ముందు గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చేయకుండా, ఏదీ డిలీట్ చేయకుండా, డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్ లోపల ఆబ్లివియన్ అని ఫోల్డర్ ఉంటుంది, దాన్ని మొత్తంగా కాపీ చేసి పెన్ డ్రైవ్‌లో పెట్టుకో. సేవ్‌లన్నీ అందులోనే ఉంటాయి. విండోస్ 11 అయితే డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్ కిందికి వెళ్ళిపోయి ఉండొచ్చు, అక్కడ కూడా చూడు. ఈ పని అయ్యాకే మిగతాది చదువు.

వెరిఫై ఎందుకు పని చేయలేదంటే, స్టీమ్ తన ఫైళ్ళు ఉన్నాయా, మారాయా అని మాత్రమే చూస్తుంది. నువ్వు అదనంగా తెచ్చి పోసిన వాటిని అది ముట్టుకోదు. కాబట్టి నలభై మాడ్స్ తాలూకు ముక్కలన్నీ ఇంకా అక్కడే ఉన్నాయి. మెనూ రాకపోవడానికి కారణం కూడా దాదాపు తెలిసినట్టే: ఒక ఈఎస్‌పీ ఇంకో ఫైలు మీద ఆధారపడి ఉంటుంది, దాన్ని మాస్టర్ అంటారు. నువ్వు డిలీట్ చేసినవాటిలో ఏదో ఒకటి వేరే ఈఎస్‌పీకి మాస్టర్ అయి ఉంటుంది. మాస్టర్ లేకుండా ఈఎస్‌పీ టిక్ అయి ఉంటే ఆబ్లివియన్ ఒక్క ముక్క చెప్పకుండా మూసుకుపోతుంది.

ఊదా రంగు సంగతి వేరు. వస్తువు ఆకారం దొరికి దాని మీద పరిచే టెక్స్చర్ దొరకకపోతే ఆ రంగు వస్తుంది. ఇప్పుడు డేటా ఫోల్డర్ తెరిచి చూడు, అందులో మళ్ళీ డేటా అని ఇంకో ఫోల్డర్ గానీ, మాడ్ పేరుతో ఫోల్డరూ దాని లోపల టెక్స్చర్స్ ఫోల్డరూ గానీ కనిపిస్తాయి. జిప్ విప్పినప్పుడు ఒక పొర ఎక్కువ వచ్చి ఉంటుంది. గేమ్ చూసేది డేటా కింద నేరుగా ఉన్న టెక్స్చర్స్‌లోనే, ఇంకో గది లోపల దాచి పెడితే దానికి కనిపించదు.

శుభ్రం చేయడానికి అన్నిటికంటే నమ్మకమైన దారి: స్టీమ్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేసి, తర్వాత ఆ ఆబ్లివియన్ ఫోల్డర్ ఇంకా మిగిలే ఉంటుంది కాబట్టి దాన్ని చేత్తో డిలీట్ చేసి, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం. ఈసారి సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల వద్దు. అక్కడి ఫైళ్ళు మార్చడానికి విండోస్ అడ్డుపడుతుంది, మాడ్ పెట్టానని నువ్వు అనుకుంటావు, గేమ్‌కి మాత్రం అందదు. డీ డ్రైవ్‌లో స్టీమ్ లైబ్రరీ ఒకటి కొత్తగా కలుపుకో. నెట్ ప్యాక్ తక్కువగా ఉండి మళ్ళీ దించుకోలేను అంటే, డేటాలో ఉన్న మెషెస్, టెక్స్చర్స్, సౌండ్, మెనూస్ ఫోల్డర్లు తీసెయ్. గేమ్‌తో వచ్చేవి మ్యూజిక్, వీడియో, షేడర్స్, ఎల్‌ఎస్‌డేటా ఫోల్డర్లు, ఆబ్లివియన్, డీఎల్‌సీ, నైట్స్ పేర్లతో మొదలయ్యే ఫైళ్ళు. మిగతావి తీసేశాక వెరిఫై కొట్టు, పొరపాటున గేమ్ ఫైలు ఏదైనా పోయినా స్టీమ్ తెచ్చి పెడుతుంది. తర్వాత గేమ్‌ని డీలోకి మార్చుకోవచ్చు, స్టీమ్‌లోనే ఆ ఆప్షన్ ఉంది.

తర్వాత మై గేమ్స్‌లో ఉన్న ఆబ్లివియన్ ఐఎన్ఐ (సెట్టింగ్స్) ఫైలు డిలీట్ చేసి గేమ్ లాంచర్ ఒకసారి తెరువు, కొత్తది దానంతట అదే తయారవుతుంది. ఆ వీడియోలో ఐఎన్ఐ మార్పులు కూడా చెప్పి ఉంటారు, వాటితో సహా పోతుంది, మంచిదే.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. నువ్వు మాత్రం ఆగి, ఏ మాడ్ లేకుండా ఒక గంట ఆడు. గేటు దాటి బయటికి వెళ్ళు, గుర్రమెక్కి రెండు ఊళ్ళు తిరుగు, ఒక గుహలోకి దిగి పైకి రా, సేవ్ చేసి లోడ్ చెయ్. ఖాళీ గేమ్ నిలబడకపోతే దాని మీద ఎన్ని పెట్టినా కూలిపోతుంది, అప్పుడు తప్పు ఎవరిదో తేల్చడానికి నీకు ఆధారం ఉండదు. గంట సాఫీగా నడిచింది అంటే ఆ గేమ్ ఫోల్డర్ మొత్తం కాపీ కొట్టి పక్కన పెట్టుకో. రేపు ఏం జరిగినా పది నిమిషాల్లో ఇక్కడికి తిరిగి రావచ్చు.

ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. నలభై మాడ్స్ ఎక్కడి నుంచి దించావు?

ప్రశ్న అడిగినవారు

సేవ్‌లు కాపీ చేశానన్నా. డేటాలో నిజంగానే ఇంకో డేటా ఫోల్డర్ ఉంది, దాని లోపల టెక్స్చర్స్ ఉన్నాయి! ఎక్కువ భాగం నెక్సస్ మాడ్స్ సైట్ నుంచి దించాను. ఒక ఆరేడు మాత్రం వీడియో కింద ఇచ్చిన టెలిగ్రామ్ లింకు నుంచి. అందులో ఒకటి ఈఎక్స్‌ఈ, ఆల్ ఇన్ వన్ ప్యాక్ అన్నారు. యాంటీవైరస్ ఆపి రన్ చేయమంటే అలాగే చేశాను.

జవాబు (తిరుచానూరు)

అయితే గేమ్ సంగతి రేపు చూసుకుందాం, ఈ రాత్రికి ఇది చెయ్. విండోస్ సెక్యూరిటీ మళ్ళీ ఆన్ చేసి, స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది, అది నడిపించు. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయి అదే స్కాన్ చేసుకుంటుంది. తర్వాత ఫుల్ స్కాన్ కూడా. ల్యాప్‌టాప్‌లో కాకుండా ఫోన్ నుంచి స్టీమ్, జీమెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చి, స్టీమ్ గార్డ్ (లాగిన్‌కి అదనంగా కోడ్ అడిగేది) ఆన్ చెయ్. ఆ ల్యాప్‌టాప్‌లో నెట్ బ్యాంకింగ్ వాడే అలవాటు ఉంటే ఆ పాస్‌వర్డ్ కూడా. స్కాన్‌లో ఏదైనా దొరికి, తీసేసినా మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే అప్పుడు మాత్రం విండోస్ కొత్తగా వేయాల్సిందే, మొదట వద్దన్న మాట వెనక్కి తీసుకుంటాను.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈ గేమ్ మాడ్ అంటే ఈఎస్‌పీ, ఈఎస్ఎం, బీఎస్ఏ (ఆకారాలూ టెక్స్చర్లూ మూటగట్టి ఉండేది) ఫైళ్ళు, ఆకారాలకి ఎన్ఐఎఫ్, టెక్స్చర్లకి డీడీఎస్. కత్తి రంగు మార్చే మాడ్‌కి ఈఎక్స్‌ఈతో పని లేదు. కొన్ని పనిముట్లకి ఈఎక్స్‌ఈ ఉంటుంది, డీఎల్‌ఎల్ కూడా ఉంటుంది, కానీ వాటిని తయారుచేసినవాళ్ళు పెట్టిన పేజీ నుంచే దించుకోవాలి, ఎవరో మళ్ళీ ఎక్కించిన లింకు నుంచి కాదు. యాంటీవైరస్ ఆపితేనే నడుస్తుందని చెప్పిన చోట ఆగిపో.

జవాబు (చిత్తూరు)

మధ్యలో వస్తున్నాను. తమ్ముడి ఆటోసేవ్ గురించి ఎవరూ చెప్పలేదు. మాకు ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడు నాకూ ఇలాగే అయింది. సేవ్స్ ఫోల్డర్ తెరిచి వ్యూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ కనిపించేలా పెట్టు. ఆటోసేవ్ సైజు 0 కేబీ అని ఉంటుంది. దాని పక్కనే అదే పేరుతో బీఏకే (బ్యాకప్) ఫైలు ఉందేమో చూడు. కొత్త ఆటోసేవ్ రాసేముందు గేమ్ పాతదాన్ని అలా పక్కకి జరుపుతుంది. ఆ బీఏకేని ఇంకోచోటికి కాపీ చేసి, ఆ కాపీకి చివర బీఏకే తీసి ఈఎస్ఎస్ (సేవ్ ఫైళ్ళకి ఉండేది) అని పెట్టి, సేవ్స్‌లో వేసి లోడ్ చెయ్. నాకు అరగంట ఆట మాత్రమే పోయింది.

ఇకమీద ఆటోసేవ్‌ని నమ్మొద్దు. ఆప్షన్స్‌లో పడుకున్నప్పుడు, వెయిట్ చేసినప్పుడు, ప్రయాణించినప్పుడు సేవ్ చేసే మూడింటినీ తీసేసి, మెనూలోకి వెళ్ళి ప్రతిసారీ కొత్త సేవ్ చేసుకో. పాత సేవ్ మీద రాయొద్దు. బ్యాటరీ మార్పించుకోగలిగితే మాడ్స్ కంటే ముందు అదే మార్పించు.

ప్రశ్న అడిగినవారు

చిత్తూరు అన్నా, మీకు దండం. బీఏకే ఉంది, పేరు మార్చాను, తెరుచుకుంది! మాడ్స్ పెట్టకముందు మధ్యాహ్నం ఆడిన ఆట మొత్తం ఉంది, గేమ్‌లో కోరోల్ ఊళ్ళోని ఇంట్లో నేను పేర్చుకున్న పుస్తకాలు కూడా అలాగే ఉన్నాయి. స్కాన్‌లో ఒకటి పట్టుబడింది, తీసేశాను, రెండోసారి స్కాన్‌లో ఏమీ రాలేదు. పాస్‌వర్డ్‌లన్నీ మార్చాను. గేమ్ డీ డ్రైవ్‌లో కొత్తగా వేసి గంటన్నర ఆడాను, ఒక్క క్రాష్ లేదు. కాపీ కూడా తీసుకున్నాను. ఇప్పుడు మాడ్స్ ఎలా పెట్టాలన్నా?

జవాబు (తిరుచానూరు)

చాలా సంతోషం తమ్ముడూ. పుస్తకాలు దక్కాయి, అది చాలు.

ఇప్పుడు డేటా ఫోల్డర్‌లో చేత్తో ఏదీ పేస్ట్ చేయకుండా మాడ్ ఆర్గనైజర్ 2 పెట్టుకో. ప్రతి మాడ్ దాని సొంత ఫోల్డర్‌లోనే ఉంటుంది, గేమ్ నడిచేటప్పుడు మాత్రం డేటాలో ఉన్నట్టు కనిపిస్తుంది. టిక్ తీసేస్తే మాడ్ లేదు, అసలు డేటా ఫోల్డర్‌కి మట్టి అంటదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫోల్డర్ పొర ఎక్కువైతే అది ఎర్రగా హెచ్చరిస్తుంది, నీ ఊదా గోడల సమస్య అక్కడే ఆగిపోయేది. ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో ఆర్కైవ్ ఇన్‌వాలిడేషన్ టిక్ చెయ్, లేకపోతే గేమ్ తన బీఎస్ఏలోని పాత టెక్స్చర్లనే చూపిస్తూ ఉంటుంది. గేమ్‌ని ఎప్పుడూ ఆర్గనైజర్ నుంచే తెరవాలి, స్టీమ్‌లో నేరుగా ప్లే నొక్కితే మాడ్స్ ఏవీ కనిపించవు. అలా మాడ్స్ లేకుండా తెరిచి సేవ్ చేసుకుంటే ఆ వస్తువులన్నీ సేవ్ నుంచి పోతాయి, జాగ్రత్త.

మొదట మూడు పెట్టు, అందం సంగతి తర్వాత. అనధికారిక ప్యాచ్ (గేమ్‌లోని తప్పులు సరిదిద్దేది), దాంట్లో షివరింగ్ ఐల్స్ అనే పెద్ద డీఎల్‌సీకీ (గేమ్‌కి విడిగా వచ్చిన అదనపు భాగం) చిన్న డీఎల్‌సీలకీ వేర్వేరుగా ఉంటాయి. తర్వాత ఎక్స్‌ఓబీఎస్ఈ (మాడ్ స్క్రిప్టులకి అదనపు శక్తి ఇచ్చే పనిముట్టు): దీని డీఎల్‌ఎల్ ఫైళ్ళు డేటాలో కాదు, ఆబ్లివియన్ ఈఎక్స్‌ఈ పక్కన ఉండాలి. స్టీమ్ కాపీకి దాని లోడర్‌ని నేరుగా నొక్కితే పని చేయదు, ఆర్గనైజర్‌లో ఎగ్జిక్యూటబుల్స్ ఎడిట్ చేసే చోట ఆబ్లివియన్ ఎంచుకొని ఫోర్స్ లోడ్ లైబ్రరీస్ ఆన్ అయిందా, అందులో ఓబీఎస్ఈ 1_2_416 డీఎల్‌ఎల్ ఉందా చూడు. గేమ్‌లో ఎస్కేప్ కింద ఉండే కీతో కన్సోల్ (ఆదేశాలు టైప్ చేసే చోటు) తెరిచి గెట్‌ఓబీఎస్ఈవెర్షన్ అని ఇంగ్లీషులో కొడితే నంబర్ రావాలి. మూడోది 4 జీబీ ప్యాచ్. ఈ గేమ్ 32 బిట్ది, నీకు ఎంత ర్యామ్ ఉన్నా అది 2 జీబీ దాటి వాడుకోలేదు, ఈ ప్యాచ్ ఆ హద్దుని 4 జీబీకి పెంచుతుంది. ఊరి నుంచి బయటికి వచ్చినప్పుడు ఒక్కసారిగా అంత భూభాగం లోడ్ చేయాలి, బరువైన టెక్స్చర్లు పెట్టినవాళ్ళకి గేటు దగ్గరే కూలిపోవడానికి అదో కారణం. ప్యాచ్ వేసేముందు ఈఎక్స్‌ఈ కాపీ ఉంచుకో, తర్వాత ఎప్పుడైనా స్టీమ్‌లో వెరిఫై చేస్తే ప్యాచ్ పోతుంది, మళ్ళీ వేసుకోవాలి.

ఆ తర్వాత ఒక్కో మాడ్ పెట్టి పావుగంట ఆడు. రోజుకి రెండు మూడు కంటే ఎక్కువ వద్దు. మాడ్స్ లోడ్ అయ్యే క్రమం కోసం లూట్ అనే ప్రోగ్రామ్ నడిపించు, కానీ మాడ్ పేజీలో వేరే క్రమం రాసి ఉంటే పేజీ మాటే వినాలి. ఎక్కువ మాడ్స్ అయ్యాక రై బాష్ అనే పనిముట్టుతో బాష్డ్ ప్యాచ్ (మాడ్స్ మార్పుల్ని కలిపే ఫైలు) చేసుకోవాల్సి వస్తుంది, అప్పుడు మళ్ళీ అడుగు, అది విడిగా రాయాల్సిన సంగతి.

టెక్స్చర్లు ఎప్పుడు పెట్టినా, ఎప్పుడు తీసినా సేవ్‌కి నష్టం లేదు. స్క్రిప్టులు ఉన్నవి, కొత్త ఇళ్ళు, కొత్త మనుషుల్ని తెచ్చేవి మాత్రం మధ్యలో తీయకూడదు. ఒకప్పుడు నేను ఒక ఇంటి మాడ్ తీసేశాను, ఆ ఇంట్లో పెట్టెల్లో దాచిన వస్తువులన్నీ ఇంటితో పాటే పోయాయి. తీయక తప్పకపోతే నీ వస్తువులు బయటికి తెచ్చుకొని, ఆ మాడ్ ముట్టుకోని ఏదైనా సత్రంలోకి వెళ్ళి, దాని బట్టలూ కత్తులూ వదిలేసి, కొత్త సేవ్ చేసి, అప్పుడు టిక్ తీయి.

ప్రశ్న అడిగినవారు

అర్థమైందన్నా. రెండే సందేహాలు. దించుకున్నవాటిలో పీఏకే అని కొన్ని ఫైళ్ళు ఉన్నాయి, అవి ఎక్కడ పెట్టాలి? దొంగల గ్లాస్ ఆర్మర్ మార్చే ఓవర్‌హాల్ మాడ్ ఈ సేవ్‌లోనే పెట్టొచ్చా?

జవాబు (తిరుచానూరు)

పీఏకే ఫైళ్ళు రీమాస్టర్‌వి, అది అన్‌రియల్ ఇంజిన్ 5 మీద నడుస్తుంది, పాత గేమ్‌కి పనికిరావు, తీసెయ్. నెక్సస్‌లో రెండు గేమ్‌లకీ విడివిడి పేజీలు ఉన్నాయి, వెతికేముందు పైన ఏ గేమ్ పేరుందో చూసుకో.

ఓవర్‌హాల్ ఈ సేవ్‌లో వద్దు. అది శత్రువుల లెవెళ్ళు, దొరికే వస్తువులు, దుకాణాలు అన్నీ మార్చేస్తుంది, లెవెల్ 20 దాటిన మనిషితో మధ్యలో మొదలుపెడితే సగం పాత లెక్క, సగం కొత్త లెక్క అవుతుంది. ఆర్గనైజర్‌లో ఇంకో ప్రొఫైల్ చేసి, ఆ ప్రొఫైల్‌కి సొంత సేవ్‌లు ఉండేలా టిక్ పెట్టి, ఓవర్‌హాల్ అందులో వేసి కొత్త మనిషితో జైలు నుంచి మొదలుపెట్టు. కోరోల్ ఇల్లు మొదటి ప్రొఫైల్‌లో అలాగే ఉంటుంది, ఎప్పుడు కావాలన్నా వెళ్ళి ఆడుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

సరే అన్నా. ముందు రేపు బ్యాటరీకి వెళ్తున్నాను, అదయ్యాక ప్రొఫైల్ చేసి ఇక్కడే చెప్తాను.