ఎండలకు బర్రెల పాలు సగానికి పడ్డాయి, అమ్మేయాలా ఉంచుకోవాలా?

పరకాల పాడి:
అందరికీ నమస్కారం. మాకు ఐదు ముర్రా బర్రెలున్నాయి. మార్చి దాకా పూటకు 18 లీటర్లు పోసేవాళ్లం, ఇప్పుడు మే నెలలో 10 దాటడం లేదు. రెండు బర్రెలు ఎదకు రానే లేదు. మాది రేకుల కొట్టం. మధ్యాహ్నం లోపలికి పోతే బర్రెలు నోరు తెరిచి రొప్పుతూ కనపడతాయి, చూడలేకపోతున్నాం. ఏటేటా ఎండలు ముదురుతున్నాయి, అమ్మేద్దామని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

హసన్‌పర్తి రైతుబిడ్డ:
అన్నా, తొందరపడి అమ్మకు. బర్రెది నల్ల తోలు, చెమట గ్రంథులు ఆవు కంటే తక్కువ, ఒంట్లో వేడి తొందరగా బయటికి పోదు. మేం రేకుల మీద సున్నం కొట్టి పైన వరిగడ్డి పరిచాం. పగలు మూడు నాలుగు సార్లు పైపుతో తడుపుతాం. తడిపాక గాలి ఆడాలి, ఇది ముఖ్యం. మొదటి ఏడాది చుట్టూ గోనెపట్టాలు కట్టేసి నీళ్లు చల్లాం, లోపల ఉక్కపోసి ఇంకా ఎక్కువ రొప్పాయి. ఇప్పుడు రెండు వైపులా తెరిచి ఉంచుతున్నాం.

మేత వేళ కూడా మార్చు. ఎండుగడ్డి అరిగేటప్పుడు కడుపులో వేడి పుడుతుంది, అందుకే దాన్ని రాత్రికి వేయాలి. పచ్చిమేత తెల్లవారుజామున వేయి. నీళ్ల తొట్టి నీడన ఉండాలి. ఇక ఎద సంగతి: ఎండాకాలం బర్రెలకు మూగ ఎద వస్తుంది, అరవవు. రాత్రిపూట లేచి తీగ (మానం నుంచి కారే జిగురు) వేస్తున్నాయేమో చూడు.

జమ్మికుంట పాడి అక్క:
తమ్మీ, నీడ ఒక్కటే చాలదు, మేత ముందే దాచుకోవాలి. మేం మక్కను గింజలో పాలు గట్టిపడే వేళ కోసి, ముక్కలు కొట్టి, డ్రమ్ముల్లో గట్టిగా తొక్కి, గాలి చొరకుండా మూస్తాం. 45 రోజులకు పాతర గడ్డి (సైలేజ్) తయారు. మూత తీయగానే పుల్లటి వాసన వస్తే బాగున్నట్టే. బూజు పట్టింది మాత్రం పడేయాలి.

ఇంకో మాట. పోయినసారి తొలకరి కురిసి, నెల రోజులు వాన ముఖం చాటేసింది. వాడిపోయిన లేత జొన్నలో మా దూడ పడి మేసింది. కాసేపటికే కింద పడి కాళ్లు కొట్టుకుంది. నాము పట్టింది, అంటే వాడిన లేత జొన్నలో ఉండే విషం ఎక్కింది. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేస్తే డాక్టర్ వచ్చి విషానికి విరుగుడుగా హైపో సూది వేశారు, బతికింది. ఆ రోజు నా గుండె ఆగినంత పనైంది. వానలు ఆగిన ఏడాది లేత జొన్న దగ్గరికి పశువును పోనీయకండి.

ములుగు గొర్లమంద:
మా బాధ ఎండ కాదు, వాన. 2023 జులైలో మా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్లు కురిసింది. పక్క జిల్లా మోరంచపల్లి మునిగి, మనుషులతో పాటు పశువులూ పోయాయి. అప్పటి నుంచి ముసురు పట్టిందంటే తలుగు (పశువును కట్టే తాడు) ముడి ఒక్కసారి లాగితే ఊడేలా వేస్తున్నాం. మంద దొడ్డిని ఎత్తు మీదికి మార్చాం. వానలకు ముందే గొర్రెలకు చిటుక రోగం (లేతగడ్డి ఎక్కువ మేస్తే ఉన్నట్టుండి చంపే జబ్బు) టీకా వేయిస్తాం, లేతగడ్డి మేశాక వేయిస్తే ఆలస్యమే. పశువు చనిపోతే సాయం అడగడానికి, నంబరున్న చెవి పోగులు (ట్యాగులు) వేయించి ఫొటోలు తీసి పెట్టుకోండి. 2022-26 విపత్తు సాయం లెక్కలో పాడిపశువుకు 37,500, గొర్రెకు 4,000 రూపాయలు పెట్టారు, కానీ పంచనామా (అధికారులు వచ్చి చూసి రాసే కాగితం) కావాలి.

పరకాల పాడి:
నిన్న రాత్రి రెండింటికి లేచి చూస్తే ఒక బర్రె తీగ వేస్తోంది! పొద్దున గోపాలమిత్రను (ఊళ్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసేవారు) పిలిపించి చూడి సూది వేయించాం. సున్నం తెచ్చాం, ఆదివారం రేకులకు కొడతాం. అక్కా, మాకు అరెకరం జొన్న ఉంది, దున్నేయమంటారా?

జమ్మికుంట పాడి అక్క:
దున్నకు తమ్మీ. నీళ్లు పెట్టు, పూతకు వచ్చాక కోసి వేయి.