స్క్రాచ్‌లో ఒక్క యాపిల్‌కే స్కోర్ ఎందుకు అలా ఎగబాకుతోంది?

లెక్కల టీచర్: ఏడో తరగతి పిల్లలతో స్క్రాచ్‌లో (బ్లాకులు పేర్చి కోడింగ్ నేర్చుకునే యాప్) చిన్న గేమ్ చేయిస్తున్నాను. పైనుంచి యాపిల్ పడుతుంది, గిన్నెతో పట్టాలి. ఫరెవర్ (ఆగకుండా తిప్పే బ్లాక్) లోపల ఇఫ్ ('ఇలా అయితే' అనే షరతు బ్లాక్) పెట్టి, గిన్నెకు తగిలితే స్కోర్ 1 పెంచమన్నాం. తీరా చూస్తే ఒక్క యాపిల్‌కే పది దాటేస్తోంది. పిల్లలకైతే పండగే, "ఇలాగే ఉంచేయండి సార్" అంటున్నారు! కారణం వాళ్లకు ఎలా చెప్పాలి? ల్యాబ్‌లో నెట్ లేదు, ఆఫ్‌లైన్ యాప్‌లోనే చేస్తున్నాం.

జవాబు 1: ఫరెవర్ సెకనుకు దాదాపు 30 సార్లు తిరుగుతుంది సార్. యాపిల్ గిన్నెను దాటేలోపు ప్రతి చుట్టులోనూ "తగిలిందా?" అంటే అవుననే వస్తుంది. స్కోర్ పెంచగానే, అదే ఇఫ్ లోపల, యాపిల్‌ను మళ్లీ పైకి పంపేయండి: వై (ఎత్తు) 180, ఎక్స్‌కి (అడ్డంగా ఉండే చోటు) పిక్ రాండమ్, అంటే ఏదో ఒక సంఖ్య, -220 నుంచి 220. కారణం చూపించాలంటే ముందు ఫరెవర్‌లో 'వెయిట్ 1 సెకండ్' పెట్టి నడపండి. ఒక్కో చుట్టూ కళ్లకు కనిపిస్తుంది. తర్వాత తీసేయండి.

జవాబు 2: ఎక్స్, వై అంటే పిల్లలు తికమకపడతారు. బ్యాక్‌డ్రాప్‌లలో (గేమ్ వెనక పెట్టే బొమ్మలు) ఎక్స్‌వై గ్రిడ్ ఉంటుంది, కాసేపు అది పెట్టండి. రుణ సంఖ్యలు ఎటూ చెబుతున్నారుగా, ఆ క్లాసూ కలిసొస్తుంది. పచ్చజెండా (గేమ్ మొదలుపెట్టే బటన్) బ్లాక్ కింద 'సెట్ స్కోర్ 0' మాత్రం ఉండాలి, లేకపోతే పాత స్కోరే మిగులుతుంది.

లెక్కల టీచర్: పనిచేసింది, థాంక్స్. యాపిల్ కింద పడితే స్కోర్ తగ్గాలట ఇప్పుడు. వై -170 కన్నా తక్కువైతే అని ఇఫ్ వాళ్లే పెట్టుకుంటున్నారు.