థండర్‌బర్డ్ మధ్యాహ్నానికల్లా 2 జీబీ మెమరీ దాటుతోంది: పాత మెయిళ్లు తీసివేయకుండా సరిచేయడం సాధ్యమా?

ప్రశ్న: చీమకుర్తి నుంచి, గ్రానైట్ ఎగుమతి కార్యాలయ ఉద్యోగి

అందరికీ నమస్కారం. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ ఎగుమతి చేసే ఒక కార్యాలయంలో నేను ఉత్తరప్రత్యుత్తరాలు, ఎగుమతి పత్రాలు చూస్తుంటాను. మా కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్, 64 బిట్ విండోస్ 10 ఉన్నాయి. మెయిళ్ల కోసం థండర్‌బర్డ్ వాడుతున్నాము. కార్యాలయపు సొంత డొమైన్ మీద ఉన్న రెండు ఖాతాలనూ, మొదటి నుంచీ వాడుతున్న ఒక జీమెయిల్ ఖాతానూ ఐమ్యాప్ పద్ధతిలో (మెయిళ్లు సర్వర్ మీదే ఉండి, కంప్యూటర్‌లో వాటి ప్రతి కనిపించే పద్ధతి) అందులో చేర్చుకున్నాము.

ఉదయం తెరిచినప్పుడు టాస్క్ మేనేజర్‌లో థండర్‌బర్డ్ ఎదురుగా 500 ఎంబీ లోపే కనిపిస్తుంది. మధ్యాహ్నానికల్లా అది 2 జీబీ దాటుతుంది. అదే సమయంలో ట్యాలీ, ప్యాకింగ్ లిస్టులు తయారుచేసే ఎక్సెల్, షిప్పింగ్ బిల్లు స్థితి చూడటానికి కస్టమ్స్ వారి వెబ్‌సైటు ఐస్‌గేట్ తెరిచి ఉంచిన బ్రౌజర్ కూడా నడుస్తుంటాయి కనుక, కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయి, ఒక ప్రోగ్రాం నుంచి మరొకదానికి మారాలంటే చాలాసేపు వేచి ఉండవలసి వస్తోంది. థండర్‌బర్డ్ మూసి మళ్లీ తెరిస్తే కాసేపు తేలికపడుతుంది కానీ, ఆ తరువాత మళ్లీ అదే పరిస్థితి.

మా మెయిళ్లలో స్లాబుల ఫోటోలే ఎక్కువ. నల్లని రాయిలో బంగారు చుక్కలు ఎంత దట్టంగా ఉన్నాయో, ఎక్కడైనా గీత పడిందో కొనుగోలుదారు చూసుకోవడానికి లోడింగ్‌కు ముందు ప్రతి బండిల్ ఫోటోలూ పంపుతాము. ఆ ఫోటోల బరువే దీనికి కారణమని, పాత మెయిళ్లన్నీ తీసివేయడమే మార్గమని మా కార్యాలయంలో అందరూ అంటున్నారు. అయితే సరుకు చేరిన తరువాత రంగు తేడా గురించి వివాదం వస్తే మాకు ఉండే ఆధారం ఆ ఫోటోలే. వాటిని పోగొట్టుకోవడానికి నేను సిద్ధంగా లేను. కారణం నిజంగా ఫోటోలేనా, వేరే ఏదైనానా అన్నది ఎలా తెలుసుకోవాలో దయచేసి చెప్పగలరు.

సమాధానం: నెల్లూరు నుంచి, రొయ్యల ఎగుమతి సంస్థల కంప్యూటర్ల నిర్వహణ చూసేవారు

నమస్కారమండీ. పాత మెయిళ్లు తీసివేయకుండా మీరు ఆగడం చాలా మంచిదైంది. ముఖ్యంగా ఐమ్యాప్‌లో ఇక్కడ తీసివేసినది సర్వర్ మీద నుంచి కూడా పోతుంది. కారణం తేలేవరకు దేనినీ తొలగించవద్దని మీ కార్యాలయంలో అందరికీ గట్టిగా చెప్పండి.

ముందుగా ఒక విషయం విడదీసి చూడాలి. ఒక ప్రోగ్రాం ఎక్కువ మెమరీ తీసుకుని ఒక స్థాయిలో నిలిచిపోవడం వేరు, గంట గంటకూ పెరుగుతూ పోవడం వేరు. మొదటిది చాలా సందర్భాల్లో లోపమే కాదు. రెండవదానికి మాత్రం లోపల ఆగకుండా జరుగుతున్న ఏదో ఒక పని కారణమై ఉంటుంది. మీరు వర్ణించినది రెండవ రకం లాగే ఉంది.

ఇక ఫోటోల సంగతి. అటాచ్‌మెంట్ మెయిల్‌లో వెళ్లేటప్పుడు అక్షరాల రూపంలోకి మారుతుంది కనుక దాదాపు మూడో వంతు పెరుగుతుంది. 6 ఎంబీ ఫోటో మెయిల్‌లో సుమారు 8 ఎంబీ అవుతుంది. అయితే ఆ బరువంతా పడేది ప్రధానంగా డిస్క్ మీద. మీరు మెయిల్ తెరిచి చూస్తున్నంతసేపు తప్ప ఆ ఫోటో మెమరీలోకి రావలసిన అవసరం లేదు. థండర్‌బర్డ్ మామూలుగా ఒక్కో ఫోల్డర్‌లోని మెయిళ్లన్నిటినీ డిస్క్‌లో ఒకే పెద్ద ఫైలుగా దాస్తుంది. దాని పక్కనే ఎం.ఎస్.ఎఫ్. అనే పొడిగింపుతో ఒక సూచిక ఫైలు ఉంటుంది. ఎవరు పంపారు, విషయం ఏమిటి, ఏ తేదీ, చదివారా లేదా అన్న వివరాలు అందులో ఉంటాయి. ఫోల్డర్ తెరిచినప్పుడు ఈ సూచిక మొత్తంగా మెమరీలోకి వస్తుంది. అంటే మెమరీకి సంబంధించినంతవరకు, పది పెద్ద ఫోటోలున్న ఒక మెయిల్ కన్నా, ఒక్క ఫోటో కూడా లేని వేల మెయిళ్లే బరువు. బీరువాలో ఫైళ్లు ఎంత లావుగా ఉన్నా బల్ల మీద పరిచేది జాబితా పుస్తకాన్నే కదా. ఆ జాబితా ఎంత పొడవైతే బల్ల అంత నిండుతుంది.

ఇప్పుడు మూడు పరిశీలనలు చేయండి. వీటిలో ఏదీ మీ మెయిళ్లను మార్చదు. మొదట 'హెల్ప్' మెనూలోని 'ట్రబుల్‌షూట్ మోడ్'లో థండర్‌బర్డ్ తెరిచి ఒక పూట మామూలుగా పని చేయండి. ఆ స్థితిలో యాడ్-ఆన్‌లు, అంటే థండర్‌బర్డ్‌కు అదనంగా చేర్చుకున్న చిన్న ప్రోగ్రాంలు, పనిచేయవు. మెమరీ పెరగడం ఆగిపోతే అనుమానం వాటి మీదికి పోతుంది. రెండవది, 'టూల్స్' మెనూలోని 'యాక్టివిటీ మేనేజర్' తెరిచి, మీరు ఏమీ చేయనప్పుడు కూడా అది ఏదైనా పని చేస్తోందేమో చూడండి. మూడవది అన్నిటికన్నా విలువైనది: 'హెల్ప్' మెనూలోని ట్రబుల్‌షూటింగ్ సమాచారపు పేజీలో 'అబౌట్ మెమరీ' అనే లింకు ఉంటుంది. దానిని తెరిచి 'మెజర్' బొత్తాం నొక్కితే, మెమరీలో ఏ భాగం ఎంత తీసుకుంటోందో పెద్దది పైన, చిన్నది కింద వచ్చేటట్లు వరుసగా చూపిస్తుంది. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిచి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఊహలతో ఒక సెట్టింగ్ తరువాత మరొకటి మార్చుకుంటూ పోవడం కన్నా ఈ ఒక్క కొలత మేలు.

సమాధానం: కావలి నుంచి

ఇంత శ్రమ అవసరమా అని నా సందేహం. 8 జీబీ ర్యామ్‌తో విండోస్, ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్, మెయిల్ అన్నీ కలిసి నడవడం ఈ రోజుల్లో కష్టమే. 16 జీబీకి పెంచి, ఇంకా పాత తిరిగే హార్డ్ డిస్కే ఉంటే దాని స్థానంలో ఎస్ఎస్‌డీ వేయించండి. ర్యామ్ నిండినప్పుడు విండోస్ మెమరీలోని కొంత భాగాన్ని డిస్క్ మీదికి తోస్తుంది. డిస్క్ నెమ్మదిదైతే మీరు చెప్పిన బిగుసుకుపోవడం అక్కడే మొదలవుతుంది. మా కార్యాలయంలో ఆ మార్పు చేసిన తరువాత ఎవరూ మెమరీ గురించి మాట్లాడలేదు.

సమాధానం: నెల్లూరు నుంచి

కావలి మిత్రులు డిస్క్ గురించి చెప్పినది అక్షరాలా నిజం. ఎస్ఎస్‌డీ ఎలాగూ వేయించవలసినదే. అయితే పెరుగుతూ పోయే వినియోగానికి మరింత చోటు ఇస్తే, మధ్యాహ్నం నిండేది సాయంత్రానికి నిండుతుంది తప్ప పెరుగుదల ఆగదు. కారణం తెలిసిన తరువాత ర్యామ్ కొంటే ఆ డబ్బు సార్థకమవుతుంది.

ప్రశ్న అడిగినవారు: చీమకుర్తి నుంచి

చెప్పిన మూడూ చేశాను. ట్రబుల్‌షూట్ మోడ్‌లో కూడా మెమరీ అదే విధంగా పెరిగింది కనుక యాడ్-ఆన్‌లు కారణం కావని అర్థమైంది. యాక్టివిటీ మేనేజర్‌లో మాత్రం మెయిళ్లను ఇండెక్స్ చేస్తున్నట్టు (వెతకడానికి వీలుగా పట్టికలో చేరుస్తున్నట్టు) ఒక వరుస ఉదయం నుంచి కనిపిస్తూనే ఉంది. అందులో ఎక్కువగా వచ్చే పేరు జీమెయిల్‌లోని 'ఆల్ మెయిల్' ఫోల్డర్. 'అబౌట్ మెమరీ'లో మధ్యాహ్నం కొలతలో బాగా పెరిగినవి రెండు: 'మెయిల్ డీబీ' అనే భాగం కింద అదే 'ఆల్ మెయిల్', మా ప్రధాన ఖాతా ఇన్‌బాక్స్; ఇక 'ఎస్‌క్యూలైట్' అనే భాగం కింద 'గ్లోబల్ మెసేజెస్' అనే పేరున్న ఫైలు. ఇన్‌బాక్స్‌ను మేము ఎన్నడూ విభజించలేదు, కార్యాలయం మొదలైనప్పటి నుంచి వచ్చిన ప్రతి మెయిలూ అందులోనే ఉంది. ఇవి మార్చాలంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

సమాధానం: ఒంగోలు నుంచి, కళాశాల కంప్యూటర్ విభాగంలో పనిచేసేవారు

మీ కొలతలు చూసిన తరువాత కారణం గురించి సందేహం మిగలలేదు. జీమెయిల్‌లో ఫోల్డర్లుగా కనిపించేవి నిజానికి లేబుళ్లు, అంటే మెయిల్‌కు తగిలించే గుర్తులు. 'ఆల్ మెయిల్'లో స్పామ్, ట్రాష్ తప్ప ఖాతాలోని ప్రతి మెయిలూ ఉంటుంది. అదే మెయిల్ ఇన్‌బాక్స్‌లోనూ, మీరు పెట్టిన మరో లేబుల్ కిందా మళ్లీ కనిపిస్తుంది. థండర్‌బర్డ్ వాటిని వేర్వేరు ఫోల్డర్లుగా చూస్తుంది కనుక ఒకే మెయిల్‌ను ఒకటికి రెండు మూడు సార్లు దించుకుని, సూచికలో రాసుకుని, వెతుకులాట కోసం ఇండెక్స్ కూడా చేస్తుంది.

ఏదైనా మొదలుపెట్టే ముందు థండర్‌బర్డ్ పూర్తిగా మూసి, అది మెయిళ్లు, సెట్టింగులు దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్క్‌కు కాపీ చేసుకోండి. ఆ ఫోల్డర్ ఎక్కడ ఉందో ట్రబుల్‌షూటింగ్ సమాచారపు పేజీలోనే 'ఓపెన్ ఫోల్డర్' నొక్కితే తెరుచుకుంటుంది. ఆ కంప్యూటర్ యూపీఎస్ మీద ఉన్నదో లేదో కూడా చూసుకోండి. మన వైపు ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము. పెద్ద ఫైలును తిరగరాస్తున్నప్పుడు కంప్యూటర్ ఆరిపోతే ఆ ఫైలు చెడిపోయే ప్రమాదం ఉంది.

తరువాత బ్రౌజర్‌లో జీమెయిల్ సెట్టింగులలోని 'లేబుల్స్' పేజీకి వెళ్లి 'ఆల్ మెయిల్' ఎదురుగా ఉన్న 'షో ఇన్ ఐమ్యాప్' గుర్తు తీసివేయండి. దీనివలన ఒక్క మెయిల్ కూడా పోదు. అది థండర్‌బర్డ్‌కు కనిపించడం ఆగుతుంది, అంతే. జీమెయిల్ సెట్టింగులలోనే 'ఫార్వార్డింగ్ అండ్ పాప్/ఐమ్యాప్' పేజీలో, ఐమ్యాప్ ఫోల్డర్‌లో ఇన్నింటికి మించి మెయిళ్లు చూపవద్దని పరిమితి పెట్టే వీలు కూడా ఉంది. 1000 నుంచి 10000 వరకు ఎంచుకోవచ్చు. జీమెయిల్ పాత ఖాతా అంటున్నారు కనుక మీకు అది కూడా ఉపయోగపడవచ్చు.

ప్రధాన ఖాతా ఇన్‌బాక్స్‌కు థండర్‌బర్డ్‌లోనే చక్కని ఏర్పాటు ఉంది. ఖాతా సెట్టింగులలోని 'కాపీస్ అండ్ ఫోల్డర్స్' పేజీలో ఆర్కైవ్ చేసిన మెయిళ్లను సంవత్సరాల వారీగా ఉంచమని ఎంచుకుని, ఆ ఆర్కైవ్ అదే ఖాతాలో ఉండేటట్లు చూసుకోండి. ఆ తరువాత ఇన్‌బాక్స్‌లో పాత మెయిళ్లను కొద్దికొద్దిగా ఎంపిక చేసి కీబోర్డు మీద 'ఎ' అక్షరం నొక్కితే, ఏ సంవత్సరం మెయిల్ ఆ సంవత్సరపు ఫోల్డర్‌లోకి వెళుతుంది. మెయిళ్లు సర్వర్ మీదే ఉంటాయి, ఫోటోలు ఉంటాయి; రోజూ తెరిచే ఇన్‌బాక్స్ సూచిక మాత్రం చిన్నదవుతుంది. పాత సంవత్సరపు సూచిక మీరు ఆ ఫోల్డర్ తెరిచినప్పుడు మాత్రమే మెమరీలోకి వస్తుంది, కొంతసేపు వాడకపోతే ప్రోగ్రామే దానిని వదిలేస్తుంది. అన్ని మెయిళ్లనూ ఒకేసారి ఎంపిక చేసి తరలించవద్దు. ఒక్కో సంవత్సరం చొప్పున చేసి, లెక్క సరిపోయిందో లేదో బ్రౌజర్‌లో చూసుకుని ముందుకు వెళ్లండి.

తరలింపు అయిన తరువాత ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'కాంపాక్ట్' చేయాలి. తరలించిన మెయిళ్లు, తీసివేసిన మెయిళ్లు ఆ పెద్ద ఫైలులో గుర్తు మాత్రమే మారి అలాగే పడి ఉంటాయి. కాంపాక్ట్ చేసినప్పుడే వాటి చోటు ఖాళీ అవుతుంది. అప్పుడు కొత్త ఫైలు రాసి పాతదానిని తొలగిస్తుంది కాబట్టి, డిస్క్‌లో కనీసం ఆ ఫోల్డర్ అంత ఖాళీ ముందే ఉండాలి. చివరగా థండర్‌బర్డ్ మూసి, ప్రొఫైల్‌లోని 'గ్లోబల్ మెసేజెస్ డీబీ' ఫైలును తీసివేసి తెరిస్తే, వెతుకులాట ఇండెక్స్ మళ్లీ మొదటి నుంచి తయారవుతుంది. అది మెయిల్ కాదు, మెయిళ్ల నుంచి తయారైన పట్టిక మాత్రమే కనుక భయం అక్కరలేదు. అయితే అది పూర్తయ్యేవరకు మెమరీ ఎక్కువగానే కనిపిస్తుంది. కార్యాలయం మూసే వేళ తెరిచి రాత్రంతా వదిలేయడం మంచిది.

ఒక హెచ్చరిక తప్పకుండా చెప్పాలి. ఖాతా సెట్టింగులలోని 'సింక్రొనైజేషన్ అండ్ స్టోరేజ్' పేజీలో రెండు రకాల అమరికలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైన ఉన్నది ఎన్ని రోజుల మెయిళ్లను ఈ కంప్యూటర్‌లో దాచాలో చెబుతుంది. అది ఇక్కడి కాపీకి మాత్రమే సంబంధించినది. కింద ఉన్నది పాత మెయిళ్లను సర్వర్ మీద నుంచి కూడా శాశ్వతంగా తీసివేసేది. రెండవదానిని 'తీసివేయవద్దు' అనే స్థితిలోనే ఉంచండి. స్లాబుల ఫోటోలు మీకు ఆధారమని రాశారు కనుక, ఈ పేజీని మీరు తప్ప మరెవరూ ముట్టుకోకుండా చూడటం ఎంతైనా అవసరం.

ప్రశ్న అడిగినవారు: చీమకుర్తి నుంచి

బ్యాకప్ తీసుకుని, ఒంగోలు వారు చెప్పిన క్రమంలోనే చేశాను. 'ఆల్ మెయిల్' కనిపించకుండా చేసిన రోజే తేడా తెలిసింది. ఇన్‌బాక్స్ విభజన పూర్తయ్యి, ఇండెక్స్ మళ్లీ తయారైన తరువాత ఇప్పుడు సాయంత్రం వరకు థండర్‌బర్డ్ 800 ఎంబీ దగ్గరే నిలుస్తోంది. పాత ఫోటోలు కొన్ని తెరిచి చూశాను, అన్నీ ఉన్నాయి. ఇద్దరికీ ఎంతో కృతజ్ఞురాలిని. మిగిలిన సందేహం ఒక్కటే: మెయిల్ వచ్చిన ప్రతిసారీ డిస్క్ వినియోగం కాసేపు 100 శాతానికి చేరుతోంది. ఇది కూడా థండర్‌బర్డ్ వల్లనేనా?

సమాధానం: నెల్లూరు నుంచి

సంతోషమమ్మా. డిస్క్ సంగతికి యాంటీవైరస్ కారణమై ఉండవచ్చు. ఫోల్డర్ మొత్తం ఒకే ఫైలు కనుక, ఒక్క కొత్త మెయిల్ చేరినా యాంటీవైరస్ దృష్టిలో ఆ ఫైలంతా మారినట్టే. దానిని మొదటి నుంచి పరీక్షించడానికి పూనుకుంటుంది. మెయిల్ వచ్చిన క్షణంలో టాస్క్ మేనేజర్‌లో 'డిస్క్' శీర్షిక మీద నొక్కి, పైకి వచ్చిన పేరు ఏదో చూడండి. యాంటీవైరస్ అయితే, థండర్‌బర్డ్ ప్రొఫైల్ ఫోల్డర్ ఒక్కదానికి మినహాయింపు ఇవ్వండి. ఆ ఫోల్డర్‌కు తప్ప మరి దేనికీ మినహాయింపు వద్దు. మీరు ఏ అటాచ్‌మెంటునైనా తెరిచినప్పుడు, బయట సేవ్ చేసినప్పుడు యాంటీవైరస్ దానిని ఎలాగూ పరీక్షిస్తుంది.

ఇక కావలి వారు సూచించిన ఎస్ఎస్‌డీని కూడా ఇప్పుడు వేయించుకోండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విదేశీ కొనుగోలుదారుల ఇన్‌వాయిస్‌లు, బ్యాంకు వివరాలు నడిచే కంప్యూటర్ భద్రతా సవరణలు లేకుండా ఉండకూడదు. డిస్క్ మార్చేటప్పుడే, మీ ప్రాసెసర్ అనుమతిస్తే విండోస్ 11 కూడా వేయించి, అదే ప్రొఫైల్ ఫోల్డర్‌ను అందులోకి కాపీ చేయించండి. ఖాతాలు, సంవత్సరాల వారీ ఫోల్డర్లు మళ్లీ అమర్చుకోవలసిన పని ఉండదు.