ఫిల్లింగ్ రెండుసార్లు ఊడింది. క్యాప్ వేయించాలా, ఆన్‌లే చాలా?

మాది కర్నూలు. కింద కుడివైపు దవడ పన్నుకి పెట్టిన కాంపోజిట్ ఫిల్లింగ్ 8 నెలల్లో 2 సార్లు ఊడింది. రెండోసారి జొన్నరొట్టె నములుతుంటే నాలుక వైపు మొన కూడా బియ్యపు గింజంత విరిగి చేతిలోకొచ్చింది. రొట్టె మెత్తగానే ఉంది, చెప్తే నవ్వుతారు! చల్లనీళ్లకి 2, 3 సెకన్లు జివ్వుమంటుంది, అంతే. రాత్రిళ్లు నొప్పి లేదు. ఎక్స్‌రేలో నరం బాగుందన్నారు, రూట్ కెనాల్ అక్కర్లేదట.

ఒక డాక్టరు పన్ను చుట్టూ అరగదీసి క్యాప్ వేద్దామన్నారు. ఇంకొకరేమో అంత పన్ను పోగొట్టుకోవడమెందుకు, అచ్చు తీసి ల్యాబ్‌లో సిరామిక్ ఆన్‌లే (పన్ను మొత్తాన్ని కాకుండా పైభాగాన్ని, మొనల్ని కప్పే ముక్క) చేయించి అతికిద్దామన్నారు. ఇన్‌లే అని మొనల మధ్య గుంటలో కూర్చునే ముక్క ఇంకోటి ఉందట, కానీ అది మొనల్ని కప్పదు కాబట్టి నాకు పనికిరాదట. నాకు నిద్రలో పళ్లు కొరికే అలవాటుంది, భయం అక్కడే.

నాలాగా పళ్లు కొరికేవాళ్లెవరైనా దవడ పన్నుకి ఆన్‌లే వేయించుకుని ఉంటే, ఎన్నేళ్లు నిలిచిందో చెప్తారా?